రెట్ట రంగు

మాఘమాసపు మంచు పొద్దున
పదమూడింట్లో ఒకటి మెడ వాల్చింది.
మూడు వారాల పిల్ల.
గంప మూలకు చేరి, ఈకలు ఉబ్బించుకోని,
రెక్కలు నేలకు జారేసి
దుప్పటి కప్పుకున్న ముసలాయన మాదిరి నిలబడుండాది.

చలి అనుకున్నా.
నాకు తెలిసిన జబ్బు చలొక్కటే,
తెలిసిన మందు సెగొక్కటే.
ఇరవై రెండేళ్ళుగా కలిగిరి పక్కన
వెంగళరెడ్డి పొగాకు బ్యారన్‌కి పొయ్యి ఎగదోస్తుండా.
ఎప్పుడు కట్టె వెయ్యాలో, ఎప్పుడు గాలి వదలాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతా.
పచ్చాకు పసుపెక్కేదాకా తొంభై అయిదు.
గుడ్డు పగిలొచ్చిన పిల్లకీ అంతే కావాలంట.
నవ్వొచ్చింది అది విన్నప్పుడు,
ఆకూ పిల్లా ఒక ఈడువే అని.

గంప ఎత్తుకొచ్చి పొయ్యి గోడ వారన పెట్టా.
కింద పాత గోతాం, పక్కన చిప్పలో నీళ్ళు.
పిల్లల కాళ్ళు తగిలి రోజూ ఒలికేవి,
గోతాం తడిసేది.
నేను చూళ్ళేదు.
నా చూపంతా బ్యారన్ అద్దం లోపల,
పాదరసం గీత మీద.

రెండోనాడు మూడు వాల్చినాయి.
అంకమ్మ గ్రేడింగు నుంచి వచ్చి,
వేళ్ళకు ఆకు జిగురు అట్టనే ఉండగా
వెల్లుల్లీ పసుపూ నూరి ముక్కుల్లో పెట్టింది.
మూడోనాటికి నాలుగు పోయినాయి.

మస్తాన్‌బీ వచ్చి గంప లేపింది.
"చలైతే ఎర్రగా వేస్తాయా అబ్బయ్యా?"
గోతాం నిండా
తాంబూలం ఉమ్మిన మరకలు.
నాలుగు దినాలుగా అక్కడే ఉండాయి.

పశువులాసుపత్రిలో ఏసురత్నం కాంపౌండరు
కాగితంలో చుట్టి తీసుకుపోయిన పిల్లను
కత్తెరతో చీల్చి చూపించాడు.
చిటికెన వేలంత పేగు. లోపల గడ్డకట్టిన నెత్తురు.
"కింద తడిగా ఉంటుందా?"
"ఉంటుంది సార్."
"తడీ ఉంచి, పక్కన సెగ కూడా పెట్టావు.
పిల్లల్ని కాదయ్యా,
రోగాన్ని పొదిగించావు నువ్వు."

నేను బ్యారన్ మనిషినని చెప్పలేదు.
తడి మిగిలితే మండెకు బూజు పడుతుందని
కొత్తగా పనికొచ్చిన పిలకాయలందరికీ
నెత్తిన మొట్టి మరీ నేర్పేది నేనేనని చెప్పలేదు.
పొట్లం జేబులో పెట్టుకోని
బస్టాండు దాకా నడిచా.

గోతాం కాల్చేశా.
నేల చెక్కి, సున్నం చల్లి, ఎండ తగిలాక
బెత్తెడు మందాన వరి ఊక పరిచా.
నీళ్ళ చిప్ప ఇటుక మీదికెక్కింది.
అయిదు దినాలు పొడి కలిపిన నీళ్ళే,
వేరే నీళ్ళు చూపించొద్దన్నాడు.
నీరసించిన మూడింటినీ అట్టపెట్టెలో వేరు చేస్తే
తల్లి కోడి పెట్టె చుట్టూ తిరిగి
నన్ను తిట్టని తిట్టు లేదు.

తాగలేని పిల్లకు
సుభాషిణి చెవిమందు సీసా కడిగి,
ముక్కు పక్కన ఒక్కో చుక్క వదిలింది.
"లోపలికి పొయ్యొద్దు నాయనా, ఊపిరాడదు.
దాన్నే మింగనీ."
తొమ్మిదో తరగతి పిల్ల నాకు చెబుతుండాది.
విన్నా.

రాత్రి రెండింటికి అద్దంలో ఆకు రంగు చూస్తా.
నాలుగడుగులేసి టార్చి కొట్టి
ఊక మీద రెట్ట రంగు చూస్తా.
ఏ ఆకు ఎంత పలుకుతుందో
వేలానికి ముందే చెప్పే కళ్ళు ఇవి.
మొదటి రాత్రి ఎరుపే.
రెండో రాత్రి ఇటుక రంగు, ఇంకో పిల్ల పోయింది.
మూడో రాత్రి పాచిన చింతపండు.
చుక్కలు మింగిన పిల్ల తెల్లారి పోయింది.
సుభాషిణి బడికి పోలేదు,
ఎందుకని ఎవరం అడగలేదు.

ఇయ్యాల పొద్దున
ఊక మీద ఒకటి,
గట్టిగా, బూడిద రంగులో,
కొసన తెల్లటి సున్నం బొట్టుతో.
అంకమ్మా, అని కేకేశా.
"కోడి రెట్ట చూపించనా, పొయ్యి కాడ నుంచి పిలిచింది?"
అంటానే వంగింది.
ఇద్దరం గొంతుక్కూర్చోని
చానాసేపు చూస్తా ఉండిపోయినాం.
ఏడు పిల్లలు మా కాళ్ళ మధ్య నూకలు ఏరతా ఉండాయి.

అవతల బ్యారన్‌లో
వేడి మూడు గీతలు పడిపోయింది.
పడనీ.